తుంబురు తీర్థానికి నడిచిపోతున్నారా? తలకు గుడ్డ, ఒంటికి చొక్కా మరవకండి!

తిరుపతి: తిరుమల కొండల్లో తుంబురు తీర్థ ముక్కోటి వచ్చేది సరిగ్గా ఎండలు ముదిరే రోజుల్లో. మీనమాసపు పౌర్ణమి ఒక ఏడు మార్చి నెలాఖరున వస్తే, మరో ఏడు ఏప్రిల్‌లోకి జరుగుతుంది. 2024లో మార్చి చివరివారంలో, 2025లో ఏప్రిల్ రెండోవారంలో ఈ ముక్కోటి జరిగింది. పాపవినాశనం డ్యాం దాటి అడవిలో బండలెక్కి, వంకలు దిగి, రెండుగా చీలిన కొండగోడల నడుమనున్న తీర్థంలో మునిగి రావడానికి వేలాదిమంది కదులుతారు. పిల్లా పెద్దా, ఊళ్ళ నుంచి వచ్చినవారు, సరదాగా కొండలెక్కే కుర్రకారు - అందరూ అందులో ఉంటారు.

దారిలో అన్నప్రసాదానికి, మంచినీళ్ళకు దేవస్థానం ఏర్పాట్లు చేస్తుంది. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు ఈ నడకకు రావద్దని ముందే ప్రకటిస్తుంది. వడదెబ్బ గురించి కూడా అందరికీ అంతో ఇంతో తెలుసు. తెలిసీ పట్టించుకోనిది చర్మం సంగతే. ఇంటికి చేరిన రాత్రి వీపు ఆనించి పడుకోలేక, తలమీద చెయ్యి వేసుకోలేక బాధపడేటప్పుడుగానీ అది గుర్తుకు రాదు.

పోయేటప్పుడు చల్లన, వచ్చేటప్పుడు నిప్పులు

ఈ నడకలో ఒక చిక్కుంది. తెల్లవారుజామున బయలుదేరినవారికి పోయేటప్పుడు ఎండే ఉండదు. లోయలో నీళ్ళ దగ్గర నీడ, చల్లదనం. స్నానం చేసి, కాసేపు కూర్చుని, ఫలహారం తిని లేచేసరికి సూర్యుడు పైకి వచ్చి ఉంటాడు. తిరుగుదారిలో ఎక్కుడు ఎక్కువ. శేషాచలం అడవి ఆకురాల్చే అడవి. ఎర్రచందనం సహా చాలా చెట్లు ఆ రోజుల్లో మోడులై నిలబడతాయి. నీడ కావలసినప్పుడే నీడ ఉండదన్నమాట!

చర్మాన్ని కమిలించేది ఎండలోని వేడి కాదు, కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు. అందుకే చల్లగాలి వీస్తున్నా, పలచని మబ్బు పట్టినా ఒళ్ళు కమలడం ఆగదు. పలచని మబ్బుగుండా ఈ కిరణాలు చాలావరకు దూసుకు వస్తాయి. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ వీటి బలం సుమారు పదోవంతు పెరుగుతుంది. తిరుమల ఎత్తు సుమారు 2,800 అడుగులు. కొండమీద చల్లగా ఉందిగదా అని మోసపోరాదు.

నీడే గడియారం

ఎండ బలం తెలుసుకోవడానికి యంత్రాలు అక్కరలేదు. మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొడుగ్గా ఉంటే ఎండ కాస్త మెత్తగా ఉన్నట్టు. మీకంటే పొట్టిదైతే జాగ్రత్తపడాలి. ఏప్రిల్ మొదట్లో తిరుపతి ప్రాంతంలో సుమారు ఉదయం తొమ్మిదింబావు నుంచి మధ్యాహ్నం మూడుంబావు దాకా మనిషి నీడ మనిషికంటే పొట్టిగానే ఉంటుంది. ఏప్రిల్ చివరివారానికి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికే వస్తాడు.

కాబట్టి అడవిలోకి అనుమతించే మొదటి వేళకే బయలుదేరడం అన్నిటికంటే మంచి మందు. ఎంత ముందుగా వెళితే అంత ముందుగా తిరిగి రావచ్చు.

కొత్త గుండుకు ఎండ పడదు

తిరుమలకు వచ్చినవారిలో చాలామంది తలనీలాలు సమర్పించి, మర్నాడే తీర్థానికి నడుస్తారు. ఏళ్ళతరబడి జుట్టుకింద దాగి ఉన్న చర్మం ఒక్కసారిగా బయటపడుతుంది. అది ఎండకు అలవాటు లేని చర్మం. ముఖంకంటే త్వరగా కములుతుంది. క్షురకుడి కత్తి గీరిన చోట్ల మంట మరీ ఎక్కువ.

గుండుకు రాసే గంధం చల్లగా ఉంటుంది, హాయినిస్తుంది. కాని ఎండను ఆపుతుందని దానిమీద భారం వెయ్యరాదు. తలకు తువ్వాలు చుట్టి, ఒక కొస మెడమీద, చెవులమీద పడేలా వదలాలి. కుర్రవాళ్ళు పెట్టుకునే క్యాప్ నుదుటికి నీడనిస్తుందేగాని చెవులను, మెడ వెనుక భాగాన్ని కాపాడదు. చుట్టూ అంచున్న టోపీ మేలు. దారి వెడల్పుగా ఉన్నచోట గొడుగు వేసుకుంటే ఇంకా మేలు.

స్నానం తరువాతే అసలు ముప్పు

తీర్థంలో మునిగిన మగవారు తడి చొక్కా భుజాన వేసుకుని, ఒట్టి వీపుతో కొండెక్కుతారు. కొందరు తడిబట్టలతోనే నడుస్తారు. రెండూ మంచివి కావు. పలచని తెల్లని నూలుబట్ట పొడిగా ఉన్నప్పుడే ఈ కిరణాలను పూర్తిగా ఆపదు. తడిస్తే మరింత లోపలికి వదులుతుంది. నేత దట్టంగా ఉండి, కాస్త ముదురురంగున్న, వదులైన పొడుగుచేతుల చొక్కా ఒకటి సంచిలో పొడిగా ఉంచుకుని స్నానం కాగానే తొడుక్కోవాలి. ఆడవారికి రవికె మెడ వెనుక, నడుముదగ్గర ఒళ్ళు బయటపడుతుంది. కొంగు నిండుగా కప్పుకుంటే సరిపోతుంది.

క్రీము ఎంత? ఎప్పుడు?

బట్ట కప్పలేని ముఖానికి, చెవులకు, మెడకు, చేతులకు సన్‌స్క్రీన్ క్రీము రాసుకోవచ్చు. డబ్బామీద ఎస్.పి.ఎఫ్. అని ఒక అంకె ఉంటుంది. సరిగా రాస్తే 15 అంకె క్రీము ఒంటిని కమిలించే కిరణాల్లో నూటికి 93, 30 అంకెది 97, 50 అంకెది 98 వంతుల దాకా ఆపుతుంది. 30కీ 50కీ తేడా స్వల్పమే. అంకెకంటే రాసే మోతాదు ముఖ్యం. బొట్టుపెట్టినట్టు రాస్తే ఏ అంకె అయినా ఒకటే! చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు క్రీము వేసుకుంటే ముఖానికి, మెడకు సరిపడే కొలత.

ఒళ్ళంతా రాయాలంటే ఒక్కసారికే సుమారు 30 మిల్లీలీటర్లు కావాలి. యాభై గ్రాముల ట్యూబు రెండుసార్లకైనా రాదు. ఆ లెక్కన చొక్కాయే చవక. తెల్లవారి రాసింది చెమటకు, స్నానానికి పోతుంది. అందుచేత తీర్థంలో మునిగాక, ఒళ్ళు బాగా తుడుచుకుని అప్పుడు రాసుకోవడం తెలివి. నీళ్ళూ కలుషితం కావు. ఆ తరువాత రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి. ఆరునెలలలోపు పసిబిడ్డలకు క్రీము వద్దు. వారిని అసలు ఈ నడకకే తీసుకురావద్దు.

కొబ్బరినూనె, పసుపు, పౌడరు ఎండకు అడ్డుగోడ కావు. నూనె చర్మాన్ని మెత్తబరుస్తుంది, అంతే.

నిమ్మకాయతో జాగ్రత్త

కొండెక్కేవారు నిమ్మకాయలు వెంట తెచ్చుకోవడం మామూలే. నీళ్ళలో పిండుకు తాగితే మంచిదే. కాని ఆ రసం చేతులకు, పెదవుల చుట్టూ అంటుకుని ఎండ తగిలితే ఆ చోట చర్మం కమిలి, బొబ్బలెక్కి, నల్లమచ్చలు పడవచ్చు. అవి వారాల తరబడి పోవు. పిండిన వెంటనే చేతులు కడుక్కోవాలి. చలవ చేస్తుందని ముఖానికి నిమ్మచెక్క రుద్దుకోవడం అసలే పనికిరాదు.

డాక్సీసైక్లిన్ వంటి కొన్ని మాత్రలు, బి.పి.కి ఇచ్చే కొన్ని 'నీటిమాత్రలు' వాడేవారికి మామూలు ఎండకే చర్మం కమలవచ్చు. మందు సొంతంగా మానెయ్యకుండా, బయలుదేరేముందు డాక్టరును ఒక మాట అడగాలి.

నల్లవారికి భయం లేదా?

"మాది నల్లతోలు, మాకేమవుతుంది?" అనేవారున్నారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొంత కాపాడే మాట నిజం. తెల్లజాతివారితో పోలిస్తే మనవారిలో చర్మపు కేన్సరు చాలా అరుదు. అయితే ఆ రక్షణ కొంతవరకే. ముదురు చర్మమూ కములుతుంది. ఎర్రదనం పైకి తెలియదు, మంట మాత్రం తెలుస్తుంది. ఎండదద్దుర్లు, బుగ్గలమీద మంగుమచ్చలు ముదరడం మనవారిలో తరచుగా చూసేవే. వచ్చిన మంగు ఒక పట్టాన పోదు. ఉన్న రంగు తెల్లబడాలని క్రీముల వెంటపడేకంటే ఉన్న చర్మాన్ని ఆరోగ్యంగా నిలుపుకోవడం మేలు గదా!

కమిలితే ఏం చేయాలి?

కమిలిన సంగతి వెంటనే బయటపడదు. మూడు నాలుగు గంటల తరువాత మంట మొదలై, మర్నాటికి హెచ్చుతుంది. అప్పుడు చల్లని నీళ్ళు పోసుకోవడం, తడిగుడ్డ వెయ్యడం, నీళ్ళో మజ్జిగో బాగా తాగడం చాలు. ఐసుముక్క నేరుగా పెట్టవద్దు. టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. బొబ్బలు చిదపవద్దు. ఒళ్ళంతా బొబ్బలెక్కినా, చలిజ్వరం, వాంతులు, తలతిరుగుడు ఉన్నా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. మాట తడబడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, విసురుతూ ఆస్పత్రికి తరలించాలి.

తుంబురు తీర్థానికే కాదు, తలకోనకు పోయినా, మరో కొండెక్కినా ఇదే జాగ్రత్త. ఒక పొడి చొక్కా, ఒక తువ్వాలు, ఒక నీళ్ళసీసా - సంచిలో ఇవి పెద్ద బరువేమీ కావు. వేళకు బయలుదేరండి, నీడ చూసి నడవండి.