ఇంట విప్పిన ఇంజను మొరాయించినపుడు

మద్రాసులో తయారైన బుల్లెట్ మోటారు సైకిళ్లకు ఉండెడి ఇనుప సిలిండరు ఇంజను నేడు తయారగుట లేదు. అయినను ఆ పాత బండ్లు ఇంకను మన వీథులలో తిరుగుచునే యున్నవి. వానికి ఇంటిలోనే మరమ్మతు చేసికొను అభిమానులును ఉన్నారు. మేమును అట్టివారమే. శ్రమపడి సరిచేసిన మరునాడే ఇంజను మొరాయించినచో ఏమి చేయవలెనో మా పొరపాటు నుండియే చెప్పెదము.

ఒక ఆదివారము బండి మీద ఊరంతయు తిరిగి వచ్చి, వెంటనే ప్లగ్గు తుడిచి, పాయింట్లు సరిచేసి, టాపెట్లు సర్దితిమి. ఇంజను చక్కగా మ్రోగినది. మరునాడు తెల్లవారుజామున నాన్నగారిని రైలుకు దింపవలసియుండి కిక్కు కొట్టగా ఉలుకు లేదు, పలుకు లేదు. గంటసేపు ప్లగ్గుతోను కార్బురేటరుతోను కుస్తీ పట్టితిమి. రైలు వెళ్లిపోయినది. వీథి చివరనుండు వృద్ధ మెకానిక్కు వచ్చి, ఏ పనిముట్టును ముట్టకుండ, కిక్కును చేతితో నొక్కి చూచి, "కిక్కు ఖాళీగా పోతోంది బాబూ! టాపెట్లు వేడి మీద సర్దారా?" అని అడిగినాడు.

సంగతి ఇది. వేడెక్కిన సిలిండరు సాగును. అపుడు టాపెట్ల వద్ద సందు పెరుగును. ఆ సందును మేము వేడి మీదనే మూసివేసితిమి. రాత్రి ఇంజను చల్లారి సిలిండరు తిరిగి పొట్టి కాగా, పుష్‌రాడ్లు వాల్వులను పూర్తిగా మూసికొననీయక ఎత్తిపట్టినవి. వాల్వు తెరచియుండగా కంప్రెషను ఎక్కడిది? డీకంప్రెసరు తీగ మరీ బిగువుగా నున్నను ఇదే గుర్తు కనబడును. ఈ స్థితిలో బండిని ఎట్లో నడిపినచో మరింత నష్టము: మండిన వాయువు సందులోనుండి దూసుకొనిపోయి ఎగ్జాస్టు వాల్వు అంచును కాల్చివేయును.

కనుక టాపెట్లు సర్దుటకు ఇంజను పూర్తిగా చల్లారవలెను. కంప్రెషను చివర పిస్టను పైకి వచ్చి, రెండు వాల్వులును మూసికొనియుండవలెను. అపుడు పుష్‌రాడ్డు వ్రేళ్లతో త్రిప్పిన సులువుగా తిరుగవలెను గాని, పైకి క్రిందికి ఆడరాదు.

కిక్కు కాలికి గట్టిగా తగులుచున్నచో దోషము వేరొక చోట నున్నది. అపుడును చివర ముట్టుకొన్న భాగమునే మొదట చూడవలెను; ఒకేసారి రెండు సవరణలు చేయరాదు. పాయింట్ల ఎడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్ల వరకు ఉండవలెను. కొలత సరిగా నున్నను, కొలిచిన గేజి రేకుకు నూనె అంటియున్నచో ఆ పొర పాయింట్ల మీద నిలిచి మెరుపును చంపును. పెట్రోలులో తడిపిన శుభ్రమైన అట్టముక్కను నడుమ లాగినచో పోవును. ఎడము మారిన టైమింగు కూడ మారును. ఎక్కువైనచో మెరుపు ముందుగా వచ్చి కిక్కు కాలిని వెనుకకు తన్నును. ప్లగ్గు మెరుపు చూచుటకు ముందు ఒలికిన పెట్రోలును తుడిచి, ప్లగ్గును దాని రంధ్రమునకు దూరముగా నుంచవలెను. ఇది మరచి చేతులు కాల్చుకొన్నవారు కలరు.

ఇక బయలుదేరిన కొంతదూరమునకు బండి ఆగి, పెట్రోలు మూత విప్పగనే బుస్సుమని గాలి లోనికి పోయినచో, మూతలోని సన్నని రంధ్రము పూడినదని తెలియును. మూతకు మైనము పూసి మెరుగు పెట్టిన మరునాడు మాకు ఇదియు జరిగినది.