తెల్లమచ్చ చెప్పని మాట

గోదావరి లంకపొగాకు చుట్ట కోనసీమ వృద్ధులకు నిన్నమొన్నటి అలవాటు కాదు. ఉత్తరాంధ్ర తీరాన మరొక చిత్రమున్నది: నిప్పుకొనను నోటిలో ఉంచి కాల్చే అడ్డపొగ. అందులో స్త్రీలదే అగ్రస్థానం! శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, వారి అంగిళ్లలో కనబడిన మచ్చలను గూర్చి పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు 1971లో ప్రకటించారు.

నోటిలోగాని గొంతులోగాని తెల్లమచ్చలన్నీ క్యాన్సరుగా మారవు. ఏది మారుతుందో కంటికి తెలియదు. ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచినా, ఇద్దరు నిపుణులు రెండు విధాల అంచనా కట్టడం కద్దు. పైకి పచ్చగా ఉన్న కొబ్బరిచెట్టుకు లోపల మొవ్వుకుళ్లు మొదలై ఉండడం మన రైతులెరిగినదే గదా! అందుచేత శాస్త్రజ్ఞులు కణంలోపలి జీవసూచికలను వెదకుతున్నారు. 3వ, 9వ క్రోమోజోముల పొట్టిభుజాలలో కొంతభాగం లోపించినదా? కణవిభజనకు కావలియైన పి53 చెడినదా? లోపించిన మచ్చకు ప్రమాదం హెచ్చు.

స్వరతంత్రులపై మచ్చను తొందరపడి లోతుగా కోస్తే కంఠస్వరం చెడవచ్చు. ఉపేక్షిస్తే ప్రాణమే పోవచ్చు. గొంతే జీవనాధారమైన ఉపాధ్యాయునికి ఈ సందిగ్ధం చిన్నది కాదు. ఈ పరీక్షలు సామాన్య వైద్యశాలల నిత్యవాడుకలోకి ఇంకా రాలేదు. అంతవరకు పొగ మానడం, మూడువారాలు దాటిన బొంగురుగొంతును వైద్యునికి చూపడం, ఉన్న మచ్చను గడువు తప్పక పరీక్షింపజేయడం రోగి చేతిలోనివి.