వెనకాల ఎవరో వస్తున్నారా?

జూన్ నెలలో క్రైస్ట్‌చర్చ్ సంగతి మనందరికీ తెలిసిందే. సాయంత్రం ఐదింటికే సూర్యుడు మూటాముల్లే సర్దేసుకుంటాడు. అలాంటి ఒక సాయంత్రం మా అమ్మాయి బస్సు దిగి ఇంటికొచ్చి, బ్యాగు సోఫాలో పడేస్తూ, "నాన్నా, ఆ బూడిదరంగు కారు మళ్ళీ కనిపించింది" అంది. నేను లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే "బూడిదరంగు కార్లు ఈ ఊళ్ళో వేలున్నాయమ్మా" అన్నాను. అది ఇంకేమీ మాట్లాడకుండా తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ "మళ్ళీ" అన్న మాట నాకు రెండు రోజుల తర్వాత గానీ చెవికెక్కలేదు. భోజనాల దగ్గర వాళ్ళమ్మ నెమ్మదిగా అడిగితే అప్పుడు మొత్తం చెప్పింది. మూడు వారాల్లో నాలుగుసార్లట. బస్టాపుకి కాస్త దూరంలో ఆగి ఉంటుందట. తను నడవడం మొదలుపెట్టాక మెల్లిగా కదులుతుందట. ఒకరోజు కావాలనే వేరే వీధిలోకి తిరిగితే అదీ తిరిగిందట. ఇంత గమనించిన పదమూడేళ్ళ పిల్ల నా దగ్గర ఒక్క ముక్క చెప్పి ఎందుకు ఊరుకుంది? ఆ ఒక్క ముక్కనే నేను కొట్టిపారేశాను గనక!

కంప్యూటర్ నెట్‌వర్కుల్లో ఎవరైనా దొంగచాటుగా తిరుగుతున్నారేమో చూడటం నా ఉద్యోగంలో ఒక భాగం. ఒకేచోటి నుంచి మూడుసార్లు అనుమానం తగిలితే అర్ధరాత్రయినా లేచి చూస్తాను. సొంత ఇంట్లో మోగిన గంటని మాత్రం వినిపించుకోలేదు. ఆ సిగ్గుతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

భయమా, భ్రమా?

ఒక మనిషి ఒకసారి కనిపిస్తే కాకతాళీయం. వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల్లో అదే మనిషి, అదే కారు కనిపిస్తుంటే ఆలోచించాలి. నడిచేటప్పుడు అనుమానం వస్తే రోడ్డు దాటండి, నడక వేగం మార్చండి, ఏదైనా కొట్టు ముందు కాసేపు ఆగండి. మీరు చేసినదల్లా అవతలివారూ చేస్తుంటే అది భ్రమ కాదు. కారులో ఉంటే వరసగా నాలుగుసార్లు ఎడమకి తిరగండి. బయల్దేరిన చోటికే వస్తారు. పని మీద పోయేవాడెవడూ అలా మీతోపాటు బ్లాకు చుట్టూ ప్రదక్షిణ చేయడు!

అనుమానం నిజమనిపిస్తే నేరుగా ఇంటికి వెళ్ళకండి, ఇల్లు చూపించినట్టవుతుంది. వెలుతురు, జనం ఉన్నచోటికి వెళ్ళండి. పెట్రోలు బంకు, సూపర్‌మార్కెట్, రికార్టన్ మాల్, కెథీడ్రల్ స్క్వేర్‌లోని టూరంగా లైబ్రరీ, ఏదైనా సరే. సిటీలో బస్ ఇంటర్‌చేంజ్ దగ్గర దిగేవారికి మరీ దగ్గర. అదే లిచ్‌ఫీల్డ్ స్ట్రీట్‌లో, 2017లో తెరిచిన జస్టిస్ ప్రెసింక్ట్‌లోనే పోలీసులూ ఉన్నారు. చీకటి పడ్డాక హాగ్లీ పార్కులోంచి అడ్డదారి మాత్రం వద్దు. 165 హెక్టార్ల పార్కులో కేకేస్తే వినేదెవరు? ఎదురుతిరిగి నిలదీయడం, ఫోటో తీయడానికి దగ్గరికి వెళ్ళడం కూడా వద్దు. ప్రమాదం ఇప్పుడే ఉందనిపిస్తే 111. బాలెన్సు లేని ఫోన్ నుంచి కూడా వెళ్తుంది. జరిగిపోయినదాని గురించి చెప్పడానికి 2019లో మొదలైన 105 నంబరు ఉంది.

జేబులో గూఢచారి

ఇప్పుడు వెంటపడటానికి కాళ్ళే అక్కర్లేదు. 2021లో ఆపిల్ తెచ్చిన ఎయిర్‌ట్యాగ్ రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది, 11 గ్రాములు. తాళాలు పోకుండా చూసుకోవడానికి చేసిన వస్తువే. కానీ మరొకరి బ్యాగులోనో, కారు సీటు కిందో జారవిడిచేవాళ్ళు తయారయ్యారు. 2024 మే నుంచి ఆపిల్, గూగుల్ రెండూ కలిసి, ఏ ఫోనయినా సరే, మీది కాని ట్రాకర్ మీతో ప్రయాణిస్తుంటే హెచ్చరిక ఇచ్చే ఏర్పాటు చేశాయి. ఆ హెచ్చరిక వస్తే కొట్టిపారేయకండి. స్క్రీన్‌షాట్ తీయండి, బిళ్ళ దొరికితే ఫోటో తీసి పోలీసులకి చెప్పండి. కోపంలో చెత్తబుట్టలో పారేస్తే సాక్ష్యమూ దానితోనే పోతుంది.

చాలాసార్లు ఆ బిళ్ళ కూడా అక్కర్లేదు. ఎప్పుడో స్నేహంగా ఉన్నప్పుడు ఆన్ చేసిన గూగుల్ మ్యాప్స్ లొకేషన్ షేరింగ్, పిల్లల స్నాప్‌చాట్‌లో స్నాప్ మ్యాప్, పాత పాస్‌వర్డ్... ఇవి చాలు. ఈ వారాంతం ఒక అరగంట కూర్చుని ఇంట్లో ఎవరి లొకేషన్ ఎవరికి కనిపిస్తోందో చూసుకోండి. స్కూలు యూనిఫాంతో, ఇంటి నంబరు కనిపించేలా పెట్టిన ఫోటోలనీ ఓసారి తిరగేయండి.

నలుగురేమనుకుంటారో!

వెంటపడేవాడు చీకట్లో ముక్కూమొహం తెలియనివాడే అయివుంటాడని మనం అనుకుంటాం. తరచుగా తెలిసినవాడే. విడిపోయిన భర్త, వద్దన్న సంబంధం తాలూకు అబ్బాయి, ఆఫీసులో సహోద్యోగి. అక్కడే మనవాళ్ళు నోరు కట్టేసుకుంటారు. "అమ్మాయి పేరు బయటికొస్తుంది" అంటారు. వీసా గొడవ అంటారు. ఆ మౌనమే అవతలివాడికి ధైర్యం.

ఆక్లాండ్‌లో 21 ఏళ్ళ న్యాయశాస్త్ర విద్యార్థిని ఫర్జానా యాకూబి మౌనంగా ఊరుకోలేదు. తనను వెంటాడుతున్నవాడి గురించి పోలీసులకి ఫిర్యాదు చేసింది. అయినా 2022 డిసెంబరులో అతని చేతిలోనే ప్రాణం పోగొట్టుకుంది. పోలీసుల స్పందనలో లోపాలున్నాయని స్వతంత్ర విచారణ సంస్థ 2024లో తేల్చింది. ఆ ఘటన తర్వాత ఒత్తిడి పెరిగి, వెంటాడటాన్ని ప్రత్యేక నేరంగా చేసే చట్టాన్ని పార్లమెంటు 2025 నవంబరులో ఆమోదించింది. అమలు 2026 మే నుంచి. గరిష్ఠంగా 5 ఏళ్ళ జైలు. అంతకుముందు నుంచీ ఉన్న 1997 నాటి హరాస్‌మెంట్ చట్టం కింద దూరంగా ఉండమని కోర్టు ఉత్తర్వు కోరే దారి కూడా ఉంది.

ఏ దారిలో వెళ్ళినా "మళ్ళీ మళ్ళీ జరిగింది" అని చూపించాలి. అందుకే ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, వేళ, చోటు, కారు నంబరు, చూసినవాళ్ళు. మెసేజీలు చెరిపేయకండి. "నన్ను సంప్రదించవద్దు" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పి, ఆపైన జవాబివ్వకండి. ఫిర్యాదు చేసినప్పుడు రిపోర్టు నంబరు అడిగి తీసుకోండి, మళ్ళీ జరిగితే ఆ నంబరుతోనే మళ్ళీ చెప్పండి. ఆన్‌లైన్ వేధింపులకి నెట్‌సేఫ్, ఇంట్లోవాళ్ళ వల్ల భయముంటే విమెన్స్ రెఫ్యూజ్ సాయం చేస్తాయి.

సెలవులకి ఇండియా వెళ్ళే పిల్లలూ తెలుసుకోవాలి. అక్కడ 2013 నుంచే ఆడవాళ్ళ వెంటపడటం నేరం. హైదరాబాదులో 2014 అక్టోబరులో మొదలైన షీ టీములు మామూలు దుస్తుల్లో బస్టాపుల్లోనే ఉంటాయి. అత్యవసరానికి 112.

మనిషినే కాదు, చోటునీ

కనిపెట్టుకుని ఉండటం మనుషుల మీదే జరగదు. 2019 మార్చి 15న మన ఊరి రెండు మసీదుల్లో 51 మంది ప్రాణాలు పోయాయి. వారిలో హైదరాబాదు, కరీంనగర్ నుంచి వచ్చిన మనవాళ్ళూ ఉన్నారు. ఆ హంతకుడు అదే ఏడాది జనవరి 8న డీన్స్ అవెన్యూ మసీదు మీద డ్రోన్ ఎగరేసి చూసుకున్నాడని రాయల్ కమిషన్ నివేదిక చెప్పింది. మన ఉగాదికీ, బతుకమ్మకీ హాలు బయట ఎవరైనా తలుపులూ దారులూ ఫోటోలు తీస్తూ కనిపిస్తే, "మనకెందుకులే" అనకుండా కార్యకర్తలకి ఒక మాట చెప్పండి.

పిల్లలూ, ఇది మీకు

1. నడిచేటప్పుడు ఒక చెవి ఖాళీగా ఉంచుకోండి. కళ్ళు ఫోన్ మీద కాదు, దారి మీద.
2. కారు మీ పక్కన నెమ్మదిస్తే వెనక్కి తిరిగి ఎదురు దిక్కున నడవండి. కారు తిరగడానికి సమయం పడుతుంది.
3. దగ్గర్లో ఉన్న డెయిరీలోకి దూరి "నన్నెవరో ఫాలో అవుతున్నారు" అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పండి. మర్యాద సంగతి తర్వాత!
4. "మీ అమ్మ పంపింది" అంటే ఇంటి రహస్య పదం అడగండి. మా ఇంటిది చెప్పను గానీ, అదొక పచ్చడి పేరు.
5. అమ్మానాన్నలు ఒకసారి వినకపోతే రెండోసారి చెప్పండి. అప్పుడూ వినకపోతే టీచరుకి చెప్పండి.

మా కథకి వస్తే, 105కి ఫోన్ చేశాం. మా అమ్మాయికి నంబరుప్లేటులో మూడు అక్షరాలు గుర్తున్నాయి! పోలీసు ఆఫీసరు వచ్చి, దాంతోనే నేరుగా మాట్లాడి అన్నీ రాసుకున్నారు. ఎదురింటి పెద్దావిడ, "స్కూలు వదిలే వేళకి నేను గేటు దగ్గరే మొక్కలకి నీళ్ళు పోస్తుంటాను, సరేనా?" అంది. జూన్ వానల్లో మొక్కలకి నీళ్ళేమిటి చెప్పండి! కానీ రోజూ నిలబడింది. తర్వాత ఆ కారు కనిపించలేదు. అందులో ఉన్నదెవరో, ఎందుకొచ్చారో మాకు ఈరోజుకీ తెలియదు.

ఇప్పుడు మా అమ్మాయి "నాన్నా" అంటే నేను ముందు లాప్‌టాప్ మూస్తాను. మీ పిల్లలు అలా పిలిచినప్పుడు మీరూ ఒక్క నిమిషం మూసి వినండి.