పాత కార్బురేటర్ కారు పొల్యూషన్ పరీక్ష నెగ్గాలంటే

నాన్నగారు 1997లో ఢిల్లీలో కొన్న మారుతి 800 ఇంకా మీ ఇంట్లో ఉందనుకోండి. ఇంజిన్ బాగానే ఉంది, అమ్మడానికి మనసొప్పదు. అలాంటి కారు రోడ్డెక్కాలంటే రెండు గడపలు దాటాలి: ఒకటి వయసు, రెండోది పొగ. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుని, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే చాలనుకుంటారు. ఢిల్లీలో అది చాలదు.

ముందు వయసు సంగతి. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు, పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు జాతీయ రాజధాని ప్రాంతంలో (ఎన్‌సీఆర్) తిరగకూడదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలను సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో సమర్థించింది. 2025 ఆగస్టు 12న, వయసు ఒక్కటే చూసి యజమానులపై కఠిన చర్యలు తీసుకోవద్దంది. డిసెంబరు 17న ఆ రక్షణను భారత్ స్టేజ్-4 (బీఎస్-4), ఆపై ప్రమాణాల బళ్లకే పరిమితం చేసింది. సుప్రీంకోర్టు ఆదేశంతో ఎన్‌సీఆర్‌లో కొత్త కార్లకు యూరో-1 ప్రమాణాలు 1999 జూన్‌లో, యూరో-2 ప్రమాణాలు 2000 ఏప్రిల్‌లో వచ్చాయి. దాంతో కార్బురేటర్ పోయి, కంప్యూటరే పెట్రోలు కొలిచి చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చింది. అంటే అక్కడి కార్బురేటర్ కార్లన్నీ దాదాపు పాతికేళ్లు దాటినవే, బీఎస్-4 కన్నా ముందరివే. ఎంత శుభ్రంగా ట్యూన్ చేసినా వాటికి ఆ రక్షణ వర్తించదు.

మిగిలిన దారులు మూడు. నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) తీసుకుని, మన తెలుగు రాష్ట్రాల్లాగా ఈ వయసు నిషేధం లేని చోటికి కారును మార్చుకోవచ్చు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్నదైతే 2021 నిబంధనల కింద వింటేజ్ బండిగా నమోదు చేయించవచ్చు. అయితే దాన్ని ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికే బయటికి తీయాలి, రోజువారీ వాడకం కుదరదు. మూడోది, ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాప్ కేంద్రానికి ఇచ్చేయడం. మొదటి దారి ఎంచుకున్నవాళ్లకే పొగ పరీక్షతో అసలు పని. పదిహేనేళ్ల తర్వాత ప్రతి ఐదేళ్లకూ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, చేతిలో చెల్లుబాటయ్యే పొల్యూషన్ సర్టిఫికెట్ (పీయూసీ) ఉండాలి.

పరీక్షలో చూసేది ముఖ్యంగా రెండు అంకెలు. కారు ఐడిలింగ్‌లో ఉండగా సైలెన్సర్ గొట్టంలోకి గొట్టంలాంటి ప్రోబ్ దూర్చి కార్బన్ మోనాక్సైడ్ శాతాన్ని, కాలకుండా బయటికొచ్చే హైడ్రోకార్బన్లను కొలుస్తారు. భారత్ స్టేజ్-2కి ముందరి కార్లకు మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాటకూడదు. బీఎస్-4 పెట్రోలు కారుకు ఇవే పరిమితులు 0.3 శాతం, 200 పీపీఎం. అంటే పాత కారుకు పదింతల మోనాక్సైడ్ వదిలే వెసులుబాటు ఉంది. అంత వెసులుబాటులో కూడా కారు ఫెయిలైందంటే లోపల ఏదో సరిగా లేదన్నమాట.

కార్బురేటర్‌కు కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. ఇంజిన్ పీల్చే గాలి సన్నటి గొంతులోంచి పోయేటప్పుడు వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది, ఆ లాగుడుకు జెట్ రంధ్రంలోంచి పెట్రోలు పైకొస్తుంది. పెట్రోలు పూర్తిగా కాలాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి తగ్గితే ఏమవుతుందో వంటింట్లో రోజూ చూస్తూనే ఉంటాం. బర్నర్ రంధ్రాలు మూసుకుపోతే నీలిమంట పచ్చబడి గిన్నె అడుగు మసిబారుతుంది. ఇంజిన్‌లో ఆ మసి పాత్రను పోషించేదే మోనాక్సైడ్.

కాబట్టి రిపోర్టు చేతికిరాగానే అంకెలు చదవండి. మోనాక్సైడ్ మాత్రమే ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువ పోతోంది: మురికిపట్టిన ఎయిర్ ఫిల్టర్, పూర్తిగా తెరుచుకోని చోక్, ఎత్తుగా ఉన్న ఫ్లోట్, కారుతున్న నీడిల్ వాల్వ్, ఇంతకుముందెవరో పెద్దది చేసిన జెట్. హైడ్రోకార్బన్లు మాత్రమే ఎక్కువుంటే ఎక్కడో సిలిండర్ మిస్సింగ్ కొడుతోంది: అరిగిన ప్లగ్గు, పాయింట్ల గ్యాప్, ముందుకు జరిగిన టైమింగ్, పగిలిన వాక్యూమ్ పైపు, సరిగా మూసుకోని వాల్వు, మండుతున్న ఆయిల్. రెండూ ఎక్కువైతే మొదట రిచ్ మిశ్రమాన్ని (పెట్రోలు ఎక్కువ కావడాన్ని), తర్వాత ఇగ్నిషన్‌ను చూడాలి.

పని చేయించేటప్పుడు వరుస ముఖ్యం. ఇంజిన్ ఆయిల్ పాతబడి అందులో పెట్రోలు కలిసి ఉంటే దాని ఆవిరే అంకెలు పెంచుతుంది, కనుక మొదట ఆయిల్ మార్పించండి. తర్వాత ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్, టాపెట్లు, గాలి లీకులు. ఆపైన కార్బురేటర్ విప్పి కడగడం, ఫ్లోట్ మట్టం చూడటం. ఇవన్నీ అయ్యాకే మిక్స్చర్ స్క్రూ ముట్టుకోవాలి. ఇంజిన్ వేడెక్కి ఐడిలింగ్‌లో ఉండగా స్క్రూను నెమ్మదిగా లోపలికి తిప్పుతూ పోతే పెట్రోలు తగ్గుతుంది, ఒక దశలో ఇంజిన్ తడబడుతుంది. అక్కడ ఆపి, నడక మళ్లీ సమంగా కుదిరేదాకా కాస్త వెనక్కి తిప్పాలి. పక్కన గ్యాస్ ఎనలైజర్ పెట్టుకుని చేస్తే ఊహ అక్కర్లేదు.

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక ఇంకో జాగ్రత్త అవసరమైంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది గనుక అదే జెట్‌తో మిశ్రమం లీన్ అవుతుంది, అంటే పెట్రోలుకు గాలి ఎక్కువవుతుంది, కార్బురేటర్ దానంతటది సర్దుకోలేదు. పాత రబ్బరు పైపులు, గాస్కెట్లు కూడా ఉబ్బి పాడవుతాయి. వాటిని ఇథనాల్ తట్టుకునే రకంతో మార్పించండి. 1995 ఏప్రిల్ తర్వాత నాలుగు మహానగరాల్లో అమ్మిన కార్లకు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. మీ కారుకు అది ఉండాల్సి ఉంటే ఉందో, ఎవరైనా కోసేసి ఖాళీ గొట్టం పెట్టారో కిందికి వంగి చూడండి.

పరీక్ష రోజున చల్లటి ఇంజిన్‌తో వెళ్లొద్దు. ఇరవై నిమిషాలు నడిపి, చోక్ పూర్తిగా తెరిచి, ఇంజిన్ ఆపకుండా పరీక్షకు ఇవ్వండి.

పరీక్షకు ముందు స్క్రూ బిగించి, సర్టిఫికెట్ తీసుకుని, మళ్లీ వదులు చేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. దానివల్ల ఊపిరి పీల్చేవాళ్లకు ఏమీ దక్కదు. పైగా ఐడిలింగ్ పరీక్ష కారు ట్రాఫిక్‌లో, ఎత్తెక్కేటప్పుడు వదిలే పొగను పట్టుకోదు, నైట్రోజన్ ఆక్సైడ్లను అసలు కొలవదు. అందుకే 3 శాతాన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దు. సక్రమంగా ఉన్న కార్బురేటర్ ఐడిలింగ్‌లో 1 నుంచి 1.5 శాతం దగ్గరికి రావడం కష్టమేం కాదు. మెకానిక్‌ను పాస్ చేయించమని అడగకండి, ఆ అంకె తెప్పించమని అడగండి. రిపోర్టులు దాచుకుని పక్కపక్కన పెట్టి చూడండి. అంకె పెరుగుతుంటే, తర్వాతి పరీక్ష దాకా ఆగకుండా షెడ్డుకు తీసుకెళ్లండి.