స్వస్తిక్ ఎటు తిరిగితే మనది?

చీరాల: కొట్టు తెరిచినా, కొత్త ఇంట్లో పాలు పొంగించినా పసుపు రాసి కుంకుమతో స్వస్తిక్ గుర్తు వేయడం మన వాడుక. విదేశాలకు వెళ్ళిన మన పిల్లలు అదే గుర్తును వీధి తలుపు మీద వేయాలంటే జంకవలసి వస్తోంది. అక్కడి పొరుగువారికి అది హిట్లర్ జెండాను తలపిస్తుంది. "మనది కుడికి తిరిగింది, వాళ్ళది ఎడమకు" అని కొందరు సర్దిచెబుతుంటారు. ఆ మాట నిజం కాదు.

నాజీ పార్టీ 1920లో చేపట్టిన గుర్తు కూడా కుడికి తిరిగినదే. ఎర్ర జెండాపై తెల్లని వలయంలో నల్లగా, 45 డిగ్రీలు వాలి ఉండేది. 1935లో అదే జర్మనీ జాతీయ పతాకం అయింది. ఆ పాలనలో సుమారు 60 లక్షల మంది యూదులను చంపారు. కనుక ఆ గుర్తును చూసి ఉలికిపడేవారిని తప్పు పట్టలేము.

మన నేలలో

ఈ గుర్తు మన ప్రాంతానికి కొత్త కాదు. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించినప్పుడు ధాతువుల పేటికలు బయటపడ్డాయి. నాగార్జునకొండలో కొన్ని స్తూపాల నడిబొడ్డున ఇటుకలతో స్వస్తికమే కట్టారు. పశువుల చెవులపై వేసే గుర్తులలో స్వస్తికాన్ని పాణిని వ్యాకరణం పేర్కొంది. 'సు', 'అస్తి' కలిసిన ఈ మాటకు మేలు కలగడమని అర్థం.

ఎడమ అయితే అశుభమా?

హిందువులు ఎక్కువగా కుడికి తిరిగినదాన్నే వేస్తారు. కొన్ని తాంత్రిక సంప్రదాయాలలో ఎడమది రాత్రికీ, కాళికీ సంకేతం. జపాన్ పటాలలో ఎడమ స్వస్తికం ఉంటే అక్కడ బౌద్ధాలయం ఉన్నట్టు. జైనులకు దాని నాలుగు చేతులు దేవ, మనుష్య, తిర్యక్, నరక గతులు. ఏడవ తీర్థంకరుడు సుపార్శ్వనాథుని లాంఛనమూ అదే.

అందువల్ల ఎటు తిరిగిందన్నది కాదు, ఎవరు, ఎందుకు వేశారన్నదే ముఖ్యం. 2022లో కాలిఫోర్నియా చేసిన చట్టం కూడా నాజీ గుర్తును 'హాకెన్‌క్రూజ్' అనే జర్మన్ పేరుతో విడిగా పేర్కొంది.

పొరుగువారు అడిగితే కుడి ఎడమల లెక్క చెప్పి తప్పుకోవద్దు. ముందు వారి బాధ వినాలి. ఆ తర్వాత మన గడప మీద అది ఎందుకుందో చెప్పాలి. మేలు కోరే గుర్తు వేసుకున్నవారికి ఆ మాత్రం ఓపిక ఉండాలి కదా!