పులికాట్ నీళ్లలో ఇరకం దీవి

ఎల్బీనగర్ చౌరస్తాలో, ఫ్లైఓవర్ల నీడన, హారన్ల హోరులో రాత్రి బస్సెక్కిన దిల్‌సుఖ్‌నగర్ మనిషికి, మర్నాడు ఇంత నీరు, ఇంత నిశ్శబ్దం ఎదురవుతాయంటే నమ్మబుద్ధి కాదు. నెల్లూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట దాటి తడలో దిగి, భీములవారిపాలెం రేవు చేరితే రోడ్డు అక్కడితో సరి. ఆపైన అంతా పులికాట్.

చిలికా తర్వాత మన దేశంలో ఇంతటి ఉప్పునీటి సరస్సు ఇదే. తూర్పున పొడవాటి ఇసుక దీవి శ్రీహరికోట బంగాళాఖాతానికి అడ్డంగా పడుకుని ఉంటుంది. పడమటి నుంచి కాళంగి నది వానకాలపు తీపినీళ్లను మోసుకొచ్చి ఈ ఉప్పులో కలుపుతుంది. నీరు చాలాచోట్ల మొలలోతు దాటదు. పడవ కదులుతుంటే అడుగున మెత్తటి నల్లని బురద, దాని మీద ఆకుపచ్చని నాచు, ఆ నాచు మీద తళుక్కున మెరిసి మాయమయ్యే చిరుచేపలు. ఉదయపు ఎండలో నీటికి వెండిరంగు, మబ్బు కమ్మితే సీసపు రంగు, సాయంత్రమైతే కరిగిన రాగి రంగు.

దూరాన నీటి మీద ఒక గులాబీ గీత. దగ్గరవుతున్న కొద్దీ ఆ గీతకు మెడలు మొలుస్తాయి, సన్నని పొడవాటి కాళ్లు మొలుస్తాయి. మనం రాజహంసలని ముద్దుగా పిలుచుకునే ఫ్లెమింగోలు! పుట్టినప్పుడు బూడిదరంగు పిల్లలే; తిన్న నాచులోంచి, చిన్న చిన్న రొయ్యల్లోంచి రంగు ఈకల్లోకి పాకి, ఏళ్లు గడిస్తేగాని ఈ లేత గులాబీ పూర్తిగా విచ్చుకోదు. తల తలకిందులుగా నీటిలో ముంచి, వంకర ముక్కుతో బురదనీటిని పీల్చి, జల్లెడ పట్టినట్టు తిండిని మాత్రం దాచుకుని నీటిని వదిలేస్తాయి. తింటూ తింటూ అడుగున బురదను కాళ్లతో తొక్కుతూ, గుండ్రంగా తిరుగుతూ, ఎవరూ నేర్పని నాట్యం చేస్తాయి. రెక్క విప్పితేనే అసలు వింత. అప్పటిదాకా దాచుకున్న ఎరుపు, దాని అంచున నిగనిగలాడే నలుపు ఒక్కసారిగా గాలిలో భగ్గుమంటాయి.

దగ్గరలోని నేలపట్టులో, నీటిలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులు కూడా పిల్లల ఆకలి తీర్చడానికి ఈ సరస్సుకే వస్తాయి. 1971 అక్టోబరులో మొదటి రోహిణి రాకెట్ లేచిన శ్రీహరికోట ఆ పక్కనే. సృష్టి ఎంత చిత్రమైన ఇరుగుపొరుగును కూర్చిందో!

ఈ నీళ్ల మధ్యే ఇరకం. పక్షుల దీవి కాదు, మనుషుల ఊరు. తరతరాలుగా పడవే వాళ్ల దారి: బియ్యం బస్తా అయినా, కొత్త పెళ్లికూతురైనా నీటి మీదే రావాలి. ఒడ్డున ఆరబెట్టిన వలల్లోంచి ఉప్పు వాసన. ఎండలో పరిచిన చేపల మీద కాకుల కాపలా. చెక్క పడవల పక్కన చిరిగిన వల ముడులు సరిచేస్తున్న నల్లని, గట్టి చేతులు. రొయ్య, పీత, చేప – పక్షి వెతికేదీ జాలరి వెతికేదీ ఈ లోతులేని నీటిలోనే. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడిపోతే, పోటునీరు లోపలికి రాక, సరస్సు ఎండి, ఇద్దరికీ కరువే. అందుకే అక్కడ జాలరి సంగతి వదిలేసి పక్షిని మాత్రమే చూసి మురిసిపోవడం నా దృష్టిలో సగం చూపే.

కొందరు ఫోటోలో రెక్కలు విచ్చుకుని కనబడాలని అరిచి, చప్పట్లు చరిచి రాజహంసల గుంపును లేపుతారు. ఇంతకంటే మోటు సరదా లేదు. దూర ప్రయాణపు రెక్కల కష్టానికి కూడబెట్టుకున్న బలం అలా వృథా అవుతుంది.

అక్టోబరు నుంచి మార్చి లోపు వెళ్లండి. దీవివాళ్ల పడవే ఎక్కండి, బేరం కాస్త తగ్గించి ఆడండి. వల అల్లుతున్న పెద్దాయనను "తాతా, ఒక ఫోటో తీసుకోమంటావా" అని అడిగాకే ఫోన్ పైకెత్తండి. వద్దంటే దించేయండి. నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు మీతోనే వెనక్కి తెచ్చుకోండి. పడవవాళ్లు చెప్పిన వేళకు రేవుకు తిరిగొచ్చేయండి. చీకటి పడ్డాక ఆ నీళ్లు వాళ్ల వేటకు కావాలి.