గళ్ల కాగితం నుంచి కంప్యూటరు తెర దాకా

పొందూరు ఖద్దరు పేరు మీరు వినే ఉంటారు. శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఊళ్లో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారు. ఏకులు చేసి, ఒంటి కదురు రాట్నం మీద సన్నని నూలు వడుకుతారు. ఆ నూలు మగ్గమెక్కితే గుడ్డ అవుతుంది. గుడ్డ పొడుగునా సాగే పోగులు పడుగు. నాడెతో అడ్డంగా వేసేవి పేక.

మరి గుడ్డ మీద పువ్వు ఎలా వస్తుంది? ఒక్కొక్క పేక పోగు వేసేటప్పుడు ఏ పడుగు పోగులు పైకి లేవాలి, ఏవి కింద ఉండాలి అన్నది తేల్చుకుంటే చాలు. అందుకే మగ్గం మీద పూలు నేసేచోట నమూనాను ముందు గళ్ల కాగితం మీద గీస్తారు. రంగు వేసిన గడి అంటే ‘లేవాలి’. ఖాళీ గడి అంటే ‘లేవకూడదు’. ఇంత అందమైన పువ్వూ చివరకు అవును, కాదు అనే రెండు మాటలే అన్నమాట!

ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జకార్డ్ అనే ఆయన 1804లో ఈ రెండు మాటలను అట్టల మీదికి ఎక్కించాడు. అట్టలో చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఒక పేక పోగుకు ఒక అట్ట. 1839లో జకార్డ్ బొమ్మనే పట్టుగుడ్డ మీద నేయడానికి సుమారు 24,000 అట్టలు కావలసి వచ్చాయి. బొమ్మను యంత్రం పాటించే ఆజ్ఞలుగా మార్చడం అంటే ఇదే. ఆ ఆజ్ఞలనే నేడు మనం కోడు అంటున్నాం.

తెర మీది నేత

సెల్‌ఫోను తెర మీద కనబడే మీటలు, పెట్టెలు, అక్షరాలు కూడా మొదట బొమ్మలే. ఒకరు బొమ్మ గీస్తారు. మరొకరు దాన్ని చూసి కోడు రాస్తారు. ఇప్పుడు ఈ రెండో పనిలో కృత్రిమ మేధ సహాయకులు తోడు వస్తున్నాయి. కాని బొమ్మను ఫొటో తీసి ఇస్తే సహాయకి అంచనా వేయవలసిందే. మీట వెడల్పు 120 చుక్కలా, 124 చుక్కలా? ఎరుపులో ఏ ఎరుపు? ఫొటోకు నోరు లేదు గదా!

అందుకని బొమ్మ వెనుక ఉన్న లెక్కలను నేరుగా అందించే ఏర్పాటు చేశారు. సహాయకికీ ఇతర ప్రోగ్రాములకూ మధ్య సంభాషణ ఎలా సాగాలో చెప్పే ఒప్పందాన్ని ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ప్రకటించింది. దాని పేరు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్. తెర బొమ్మలు గీసే ఫిగ్మా అనే ప్రోగ్రాము 2025 జూన్‌లో ఈ ఒప్పందం ప్రకారం తన బొమ్మల వివరాలు ఇవ్వడం మొదలుపెట్టింది.

అమర్చే పద్ధతి ఒకటి చూడండి. మొదట, కంప్యూటరులోని ఫిగ్మాలో ‘సర్వర్’ను తెరవాలి. సర్వర్ అంటే అడిగినవారికి జవాబు అందించే ప్రోగ్రాము. రెండవది, కోడు రాసే ప్రోగ్రాములో ఆ సర్వర్ చిరునామా నమోదు చేయాలి. అది 127.0.0.1 అని మొదలవుతుంది. ఈ అంకెలకు అర్థం ‘ఈ కంప్యూటరే’ అని. అంటే ఒకే ఇంట్లో ఒక గది నుంచి మరో గదికి కబురు పంపడం వంటిది. మూడవది, బొమ్మలో కావలసిన భాగాన్ని ఎంచుకుని కోడు రాయమని సహాయకిని అడగాలి.

ఒక జాగ్రత్త. సర్వర్ మన ఇంట్లోనే ఉన్నా, సహాయకి తరచు ఎక్కడో దూరపు కంప్యూటరులో పనిచేస్తుంది. రహస్యంగా ఉంచవలసినవి దానికి ఇవ్వరాదు. పెద్దల అనుమతి లేకుండా ఇది మొదలుపెట్టనూ వద్దు.

పేరు పెడితేనే ఫలితం

బొమ్మ గీసినవారు ఎరుపును ‘అంచు రంగు’ అనే పేరుతో దాచి ఉంచితే, సహాయకి కోడులోనూ ఆ పేరునే వాడగలదు. రేపు అంచు ఆకుపచ్చగా మారాలంటే ఒక్కచోట దిద్దితే చాలు. పేరు పెట్టకపోతే అదే ఎరుపు అంకె నలభై చోట్ల చెల్లాచెదరవుతుంది. గళ్ల కాగితం సరిగా లేనిదే అట్టలు సరిగా రావు.

ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. తెరల బొమ్మలు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల కొలతతో గీస్తారు. మన తెలుగుకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి. మీట ఎత్తును బిగించి రాస్తే ‘శ్రీకాకుళం’లో క్రావడి తెగిపోవచ్చు. ‘పొందూరు’ మన కంటికి మూడు అక్షరాలు. కంప్యూటరు లెక్కలో ప, ఒత్వం, సున్న, ద, ఊత్వం, ర, ఉత్వం, వెరసి ఏడు గుర్తులు. మొదటి నాలుగే చూపమని కోడు రాస్తే ‘పొంద’ అని ఆగిపోతుంది! ఊరి పేరు తెలిసినవారు ఆ తప్పును ఇట్టే పట్టుకుంటారు. తెలియనివారికి అది తప్పని తోచదు. కాబట్టి సహాయకి రాసిన కోడును తెలుగు మాటలు పెట్టి పరీక్షించే పని మనదే. అందుకు కోడు చదవడం మనకు రావాలి.

చేసి చూడండి

దీనికి కంప్యూటరు అక్కరలేదు. గళ్ల కాగితం మీద ఒక పెట్టె, అందులో ‘పొందూరు’ అనే మాట, పక్కన ఒక పువ్వు గీయండి. బొమ్మ చూపకుండా, దాన్ని మీ మిత్రునికి మాటలతోనే చెప్పి గీయించండి. రెండోసారి గడుల లెక్క, ప్రతి భాగానికీ ఒక పేరు కూడా చెప్పండి. ఇప్పుడు మీ బొమ్మ మీద మిత్రుని బొమ్మలు ఒక్కొక్కటే పెట్టి, కిటికీ వెలుతురుకు పట్టి చూడండి. ఏది ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో మీ నోటు పుస్తకంలో రాసుకోండి.